64 చెప్తే 46 రాశాడు, బడి మార్చెయ్యాలా టీచరమ్మ గారూ?

ప్రశ్న: టీచరమ్మ గారూ నమస్తే. మాది ఒడిశాలో పర్లాకిమిడి, మా ఆయనకి బజార్లో కిరాణా కొట్టు ఉంది. బాబు సర్కారు బడిలో మూడో తరగతి, ఒడియా మీడియం. క్లాసులో ఒడియా పిల్లలు, మన తెలుగోళ్ళు, కొండూళ్ళ నుంచి వచ్చిన సవర పిల్లలు, ఇద్దరు హిందీ వాళ్ళు, అందరూ కలిసే ఉంటారు. ఇంట్లో లెక్కలు టకటకా చెప్తాడు, కొట్లో చిల్లర కూడా సరిగ్గా ఇస్తాడు, కానీ మొన్న పరీక్షలో లెక్కల్లో 50కి 17 వచ్చాయి. గురుమా (వాళ్ళ టీచరు) నోటితో 64 చెప్తే 46 రాశాడు, తీసివేత లెక్క ఇస్తే కూడేశాడు. మా ఆడపడుచు ఇంగ్లీష్ మీడియం ప్రైవేటులో వెయ్యమంటోంది, మా అమ్మ వాళ్ళది పాతపట్నం, అక్కడికి పంపెయ్యమంటోంది, పక్కింటావిడేమో ఇంట్లో తెలుగు మానేసి ఒడియాలోనే మాట్లాడండి అంటోంది. సవర పిల్లల పక్కన కూర్చోబెట్టారు, అందుకే వెనకబడిపోతున్నాడేమో అని కూడా అనిపిస్తోంది, తప్పుగా అనుకోకండి. ఏం చెయ్యమంటారు?
ఒక తల్లి

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడే ఆ 64, 46 దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే గుణుపురం వైపు ముప్ఫై ఏళ్ళు చిన్న పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, ఈ తప్పు ఎన్ని పలకల మీద చూశానో నాకే లెక్కలేదు. ముందు ఒకటి చెప్తాను, మీ బాబుకి లెక్కలు రాక కాదు. వాడు 46 రాశాడంటే చెవిని బాగా నమ్మాడన్నమాట.

ఎలాగో చూడండి. మనం తెలుగులో "అరవై నాలుగు" అంటాం, ముందు అరవై తర్వాత నాలుగు, ఎలా పలుకుతామో అలాగే 6 ముందు 4 తర్వాత రాస్తాం. ఒడియాలో 64ని చౌషఠి అంటారు, భువనేశ్వర్ దగ్గర హీరాపూర్ లో చౌషఠి జోగిని గుడి ఉంది కదా, ఆ చౌషఠే. అందులో ముందు వినిపించేది నాలుగు, అరవై తర్వాత వస్తుంది. తెలుగు చెవి ఉన్న పిల్లాడు ముందు ఏది వినిపిస్తే అది ముందు రాసేస్తాడు, 46 అయిపోతుంది. ఇంకో తిరకాసు ఏంటంటే 29ని అణతిరిశ అంటారు, అంటే ముప్ఫైకి ఒకటి తక్కువ అని. అందులో తిరిశ వినగానే పిల్లాడు 3 వేసేస్తాడు, ఆ తర్వాత ఏం రాయాలో తెలీక పక్కవాడి పలక చూస్తాడు. పైగా పుస్తకంలో ఉండేవి ఒడియా అంకెలు, ఫోన్లోనూ మీ కొట్టు కాటాలోనూ ఉండేవి వేరే అంకెలు. ఎనిమిదేళ్ళ పిల్లాడు ఇదంతా ఒక్కడే మోస్తున్నాడు, ఇలా జరుగుతోందని వాడికే తెలీదు, అందుకే ఇంటికొచ్చి చెప్పలేడు.

తీసివేత సంగతి కూడా ఇలాంటిదే. నా దగ్గర ఒక పిల్లాడు ఉండేవాడు, వాళ్ళ నాన్నకి కూరగాయల బండి, లెక్కల్లో చురుకు. బోర్డు మీద "రామ పాఖరే 24టి ఆంబ థిలా, సేథిరు 9టి ఖాఇదేలా, ఆఉ కేతోటి రహిలా" అని రాశాను. రాముడి దగ్గర 24 మామిడిపళ్ళు ఉన్నాయి, అందులోంచి 9 తినేశాడు, ఇంకెన్ని మిగిలాయి అని. వాడు 33 రాశాడు. పక్కన కూర్చుని ఏ మాట ఏంటో చెప్పరా అన్నాను, రాముడు తెలుసు, ఆంబ తెలుసు, ఖాఇదేలా కూడా తెలుసు, కానీ "సేథిరు" దగ్గర వేలు పెట్టి ఊరుకున్నాడు. అందులోంచి అన్న ఆ ఒక్క చిన్న మాట తెలీదు, రహిలా అంటే మిగిలాయి అని తెలీదు, రెండు అంకెలు కనిపించాయి కదా అని కూడేశాడు. అదే లెక్క తెలుగులో చెప్తే నేను నోరు మూసే లోపు పదిహేను అన్నాడు.

ఒడియాలో ఈ తోకలే అసలు సంగతి. ఘరకు అంటే ఇంటికి, ఘరరే అంటే ఇంట్లో, ఘరరు అంటే ఇంట్లోంచి. "కు" మనకీ వాళ్ళకీ ఒకటే, అది పిల్లలు ఇట్టే పట్టేస్తారు. రే, రు అనే రెండు తోకల దగ్గర మాత్రం తెలుగు పిల్లలు జారిపోతారు, పలకడంలో అంత దగ్గరగా ఉంటాయి మరి. లెక్కల పుస్తకంలో సగం లెక్కలు ఈ తోకల మీదే నడుస్తాయి.

మీరు అనొచ్చు, మా వాడు వీధిలో పిల్లలతో ఒడియా గడగడా మాట్లాడతాడు కదా అని. మాట్లాడతాడు, ఆట భాష తొందరగా వస్తుంది. కెనడాలో జిమ్ కమిన్స్ అని ఒక పరిశోధకుడు చాలా ఏళ్ళ కిందటే ఇది గమనించి చెప్పాడు, కొత్త భాషలో కబుర్లు చెప్పడానికి ఏడాది రెండేళ్ళు చాలు కానీ ఆ భాషలో పాఠం అర్థం చేసుకుని జవాబు రాసే దశకి రావడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది అని. మీ వాడు ఇప్పుడు మూడో తరగతి. అంటే వాడు వెనకబడలేదు, దారి మధ్యలో ఉన్నాడు అంతే.

ఇక పక్కింటావిడ సలహా, ఇంట్లో తెలుగు మానెయ్యండి అన్నది. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. ఆవిడ మంచి మనసుతోనే అని ఉంటారు, నాకు తెలుసు, మా బడికి వచ్చే తల్లిదండ్రులకి కూడా కొందరు టీచర్లే ఈ మాట చెప్పేవాళ్ళు. కానీ వాడికి "ఎందుకు", "అలా అయితే", "అయినా సరే" లాంటి ఆలోచన మాటలన్నీ మీ నోటి నుంచే వచ్చాయి, తెలుగులోనే వచ్చాయి. మీకు బజారు ఒడియా వచ్చు, బేరం ఆడగలరు, కానీ రాత్రి పక్కలో పడుకోబెట్టి కథ చెప్పేంత ఒడియా మీకు ఉందా అమ్మా? తెలుగు ఆపేస్తే ఇంట్లో మాటలే తగ్గిపోతాయి, ఒడియా పెరగదు. తీసివేత అంటే ఏంటో తెలుగులో గట్టిగా పట్టుబడితే, దానికి ఒడియాలో పేరు నేర్చుకోవడం ఒక్క రోజు పని.

పాతపట్నం గురించి. అమ్మమ్మ ఇల్లు, నది అవతలే, మనసు లాగుతుంది, అర్థమవుతుంది. కానీ ఆంధ్రలో కూడా ఇప్పుడు సర్కారు బడుల్లో ఎక్కువగా ఇంగ్లీష్ మీడియమే, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీష్ ఒక పేజీ తెలుగు ఇస్తున్నారు, తెలుగు కోసమని పంపితే అక్కడ మళ్ళీ ఇంకో భాషతో కుస్తీ మొదలవుతుంది. మీ ఇల్లూ కొట్టూ ఒడిశాలో ఉన్నాయి, రేపు ఇక్కడ సర్కారు ఉద్యోగం అనుకుంటే ఒడియా చదవడం రాయడం అడుగుతారు. అన్నిటికన్నా ముందు, ఎనిమిదేళ్ళ పిల్లాడిని అమ్మానాన్నల నుంచి దూరం చెయ్యాల్సినంత కారణం నాకు మీ ఉత్తరంలో కనపడలేదు. ఆడపడుచు గారి ప్రైవేటు స్కూల్ మాట కూడా అంతే, ఒక భాష దగ్గర తడబడుతున్న పిల్లాడికి మందు ఇంకో కొత్త భాష కాదు. ఫీజు డబ్బులు పక్కన పెట్టి వాడికి బొమ్మల కథల పుస్తకాలు కొనండి, తెలుగువి కొన్ని ఒడియావి కొన్ని.

ఇప్పుడు మీరు మొహమాటపడుతూ రాసిన ఆ చివరి మాట. సవర పిల్లల పక్కన కూర్చోబెట్టారు అన్నది. తప్పుగా అనుకోవద్దు అన్నారు కాబట్టి అనుకోను, కానీ చెప్పాల్సింది చెప్తాను.

నేను రెండో తరగతిలో ఉండగా మా నాన్నకి ఒడియా వాళ్ళు ఎక్కువున్న ఊరికి బదిలీ అయింది. ఏ బడి అన్నది వద్దు. అక్కడ మాస్టారు తెలుగు పిల్లలం నలుగురినీ వెనక బెంచీలో వేశారు, వీళ్ళకి ఏమీ రాదు అని అందరి ముందూ అన్నారు. నాకు ఒకటికి వెళ్ళాలంటే ఒడియాలో ఎలా అడగాలో తెలీదు. అడగలేక అడగలేక గౌను తడుపుకున్నాను. యాభై ఏళ్ళు దాటింది, ఆ బెంచీ చెక్క ఎలా ఉండేదో ఇప్పటికీ చెప్పగలను. ఆ రోజు మా గురించి ఆ క్లాసులో వాళ్ళ అమ్మలు ఇళ్ళలో ఏమనుకుని ఉంటారు? తెలుగు పిల్లల పక్కన కూర్చుంటే మావాడు వెనకబడతాడు అనే కదా. అందుకే అమ్మా, మీ బాబు పక్కన కూర్చున్న సవర పిల్లాడిని చూసినప్పుడు నాకు నేనే కనిపిస్తాను. మీ వాడికి ఇంట్లో ఒక భాష బడిలో ఒక భాష, ఆ పిల్లాడికి ఇంట్లో సవర, సంతలో తెలుగు, బడిలో ఒడియా. వాడు మీ వాడికన్నా పెద్ద బరువు మోస్తున్నాడు.

మీ ఊళ్ళో ఈ మాట చెప్పడానికి నాకు ఒక హక్కు కూడా ఉంది అనుకుంటాను. గిడుగు రామమూర్తి గారు ఉద్యోగం చేసింది మీ పర్లాకిమిడిలోనే. మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేస్తాం, వాడుక భాష కోసం పోరాడిన మనిషి అని చెప్పుకుంటాం, మంచిదే, కానీ ఆయన సవరలు మాట్లాడే భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం ఆ భాషలో పుస్తకాలు రాసి, వాళ్ళకి బడులు పెట్టించిన మనిషి కూడా. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఒక తెలుగు మాస్టారు ఆ పిల్లల్ని తక్కువ వాళ్ళుగా చూడలేదు, వాళ్ళ భాష తనకి రాదు కదా, ముందు నేను నేర్చుకోవాలి అనుకున్నారు. ఒడిశా సర్కారు కూడా 2006 నుంచి గిరిజన పిల్లలకి మొదటి క్లాసుల్లో వాళ్ళ భాషలోనే చెప్పే పద్ధతి పెట్టింది, పది భాషలతో మొదలైంది, అందులో సవర ఉంది. ఆ దారి ఆయన ఎప్పుడో వేసి చూపించారు.

ఇంకో సంగతి చెప్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. నా క్లాసులో ఒక సవర పాప ఉండేది, ఆరు నెలలు నోరు విప్పలేదు. పేరు పిలిస్తే తల దించుకునేది. ఒక రోజు వాళ్ళ అవ్వ పిల్లని తీసుకెళ్ళడానికి ముందే వచ్చి అరుగు మీద కూర్చుంది. నేను పిల్లలతో చింతపిక్కలు లెక్కపెట్టిస్తున్నా, పది పది గుట్టలు. అవ్వా నువ్వు లెక్కపెడతావా అన్నాను, వచ్చీరాని సవరలో. ఆవిడ వంగి లెక్కపెట్టడం మొదలెట్టింది. పది దగ్గర ఆగలేదు. పదకొండుకి విడిగా ఒక పేరు, పన్నెండుకి మిగెల్, ఆ తర్వాత పదమూడుకి మిగెల్‌బోయ్, అంటే పన్నెండు మీద ఒకటి. అలా ఇరవై దాకా వెళ్ళి బొకురి అంది, మళ్ళీ మొదట్నించి. 32 దగ్గర బొకురి మిగెల్ అంది, ఇరవై మీద పన్నెండు.

క్లాసంతా నోరెళ్ళబెట్టి చూస్తోంది. ఒడియా పిల్లాడొకడు లేచి, అమ్మమ్మకి లెక్కలు రావు అన్నాడు. అప్పుడు ఆ పాప, ఆరు నెలలు మాట్లాడని పాప, లేచి నిలబడి "వచ్చు, ఇలాగే వచ్చు" అంది, అదీ ఒడియాలో అంది. ఆ తర్వాత బోర్డు మీద మూడు గడులు గీశాం, 32ని తెలుగులో ఎలా విరుస్తాం, ఒడియాలో ఎలా, సవరలో ఎలా అని. ముప్ఫై మీద రెండు, రెండు ముందు ముప్ఫై తర్వాత, ఇరవై మీద పన్నెండు. ఎన్ని రకాలుగా విరిచినా గుట్టలో పిక్కలు అన్నే ఉన్నాయి. పదుల స్థానం ఒకట్ల స్థానం అని నేను నెల రోజులు గొంతు చించుకున్నది పిల్లలకి ఆ గంటలో ఎక్కింది. ఆ పాప ఆ ఏడాది క్లాసులో ఫస్ట్ వచ్చింది అని చెప్పను, రాలేదు. మాట్లాడటం మొదలెట్టింది, నాకు అది చాలు. తెలుగు పిల్లలు చౌషఠి దగ్గర తప్పడం కూడా తగ్గింది, ఎందుకంటే ఒడియాలో వెనక నుంచి చెప్తారు అని వాళ్ళకి వాళ్ళే కనిపెట్టారు.

అలాంటి క్లాసు మీ బాబుకి ఊరికే దొరికింది. ఇన్ని భాషల పిల్లలున్న గది కష్టమే, టీచర్ కి ఇంకా కష్టం, కానీ ఆ గదిలో లెక్క ఒక భాషకి అంటుకుపోకుండా నేర్చుకోవచ్చు.

ఇప్పుడు మీరు చెయ్యగలిగేవి. మీకు కొట్టు ఉండటం పెద్ద వరం. సాయంత్రం ఒక అరగంట బాబుని గల్లాపెట్టె దగ్గర ఒక పాత ఖాతా ఇచ్చి కూర్చోబెట్టండి. ఒడియా బేరం వస్తే వాళ్ళు నోటితో చెప్పిన రేటు వాడు అంకెల్లో రాయాలి, అంతే, తప్పు రాస్తే తిట్టకండి, చౌ అంటే ఎంతరా, షఠి అంటే ఎంతరా అని విరిచి అడగండి. వారానికి ఏడెనిమిది అంకెల కన్నా ఎక్కువ వద్దు. రాత్రి పుస్తకంలో ఒక్క లెక్క, ఒక్కటే, వాడు చదివి మీకు తెలుగులో కథలా చెప్పాలి, ఎవరి దగ్గర ఏముంది, ఏమైంది, ఏమడుగుతున్నారు అని. చెప్పగలిగాక చెయ్యనివ్వండి. మాట తెలీకపోతే దాని కింద గీత పెట్టి మర్నాడు గురుమాని అడిగి రమ్మనండి. ట్యూషన్ ఇప్పుడే వద్దు.

తర్వాత బడి. గేటు దగ్గర సాయంత్రం అమ్మలు ఎలా నిలబడతారో నాకు తెలుసు, ఒడియా వాళ్ళు ఒక గుంపు, మనవాళ్ళు ఒక గుంపు, సవర అమ్మలు దూరంగా చెట్టు కింద. ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు, అయినా అలాగే నిలబడతారు. మీ బాబు బెంచీలో పక్కనున్న పిల్లాడి అమ్మ దగ్గరికి ఒక రోజు మీరే వెళ్ళండి. మీ కొట్టుకి వచ్చే ఉంటుంది కూడా, ఆవిడకి బజారు తెలుగు వస్తుంది, మాట కలపడం కష్టం కాదు.

విద్యా హక్కు చట్టం కింద ప్రతి సర్కారు బడికీ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. మన తెలుగు అమ్మలు చాలామంది ఆ మీటింగులు ఒడియాలో జరుగుతాయి, మనకెందుకు అని వెళ్ళరు, సవర అమ్మలకి ఆ రోజు కూలికి పోతే డబ్బులొస్తాయి కదా అని వాళ్ళని ఎవరూ పిలవరు. మీరు వెళ్ళండి, ఆవిడని కూడా వెంటపెట్టుకుని వెళ్ళండి. పిల్లలకి మాతృభాషలో వీలైనంత వరకు చెప్పాలి అని అదే చట్టంలో ఉంది, 1956లో రాజ్యాంగంలో 350ఏ అని పెట్టినదీ భాషలో తక్కువ సంఖ్యలో ఉన్న వాళ్ళ పిల్లల కోసమే. గొడవ పెట్టుకోమని చెప్పడం లేదు, గురుమాకి కూడా ఇది తెలుసు, ఆవిడ ఒక్కతే ఇన్ని భాషలు ఎలా లాగుతుంది పాపం. అడగాల్సింది చిన్నదే, వారంలో ఒక పీరియడ్ ఎవరో ఒక అమ్మో అవ్వో తాతో వచ్చి వాళ్ళ భాషలో కథ చెప్పడమో లెక్కపెట్టించడమో చేస్తే ఒప్పుకుంటారా అని. మీ అమ్మగారిని పాతపట్నం నుంచి ఆ రోజుకి పిలవండి, బాబుని అక్కడికి పంపే బదులు.

గురుమాని కలవడానికి వెళ్ళేటప్పుడు ఆ 17 మార్కుల పేపర్ తీసుకెళ్ళండి, సంతకం పెట్టి బీరువాలో దాచెయ్యకండి. ఒక్కో తప్పు పక్కన బాబు ఏమనుకుని అలా రాశాడో వాడినే అడిగి తెలుగులో మీరు రాసి పెట్టండి. 64 దగ్గర, "ముందు నాలుగు వినిపించింది, అందుకే నాలుగు ముందు రాశాను" అని వాడు చెప్తే ఆ మాటే రాయండి, దిద్దకండి. గురుమాకి తెలుగు చదవడం రాకపోతే మీరే చదివి వినిపించండి.